ప్రభుత్వం మన వివరాలను ఎలా కాపాడుతుందో బయటికి చెప్పాలా? చెబితే దొంగకు దారి చూపినట్టు కాదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక ప్రభుత్వ సేవ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు, పుట్టిన తేదీ నుంచి బ్యాంకు ఖాతా దాకా, ఆరోగ్య వివరాలతో సహా అన్నీ ఇచ్చారు. ఫారం కింద "మీ సమాచారం పూర్తిగా సురక్షితం" అని ఒక వాక్యం ఉంది. ఎలా సురక్షితం అని మెయిల్ పెడితే "భద్రతా కారణాల రీత్యా ఆ వివరాలు వెల్లడించలేము" అని జవాబు వచ్చింది. ఈ జవాబు న్యాయమేనా, లేక ఇంటి గుట్టు లంకకు చేటు అన్నట్టు నిజంగానే చెప్పకూడదా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను: చెప్పాలి. చాలావరకు చెప్పొచ్చు, చెప్పినంత మాత్రాన భద్రత తగ్గదు. దాచుకోవాల్సినవి లేకపోలేదు, కాకపోతే అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. తాళంచెవులు, అంటే పాస్‌వర్డులూ, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని మరెవరికీ అర్థం కాకుండా మార్చి ఉంచడం) కీలూ. సర్వర్ల లోపలి అమరిక. తెలిసి కూడా ఇంకా పూడ్చని కన్నాలు. ఏం చేస్తే అలారం మోగుతుందో ఆ లెక్కలు. వీటిని అడిగితే "చెప్పం" అనడం సబబే, నేనైనా అదే అంటాను. ఇవి పోగా మిగిలింది చూడండి. మీ గురించి ఏమేం ఉంచుకున్నారు, దేనికోసం, లోపల ఎవరెవరు చూడగలరు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఏ కాంట్రాక్టర్ చేతిలో ఉంది, చివరి ఆడిట్ ఎప్పుడు జరిగింది, అందులో తేలిన లోపాల్లో ఎన్ని సరిచేశారు, ఇప్పటిదాకా ఎన్నిసార్లు లీకైంది. ఇందులో ఏది చెప్పినా దొంగకు ఒరిగేదేమీ లేదు.

నేనెవరినో కూడా చెప్పాలి కదా. ఇరవై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలకు భద్రతా ఆడిట్లు చేశాను. మొదట్లో కొన్నేళ్లు ఆఫీసుల తరఫున కూర్చుని ఇలాంటి మెయిళ్లకు జవాబులు రాసిచ్చిన వాణ్ణి కూడా. "భద్రతా కారణాల రీత్యా" అనే ఆ వాక్యం నా చేత్తోనే ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. అందుకే దాని వెనక మామూలుగా ఏముంటుందో చెప్పగలను: చాలాసార్లు ఏమీ ఉండదు. రహస్యం ఉండి చెప్పకపోవడం కాదు, చెప్పడానికి జవాబే లేకపోవడం. ఒక ఆఫీసులో భద్రతా విధానం చూపించమంటే అందంగా బైండింగ్ చేయించిన పుస్తకం ఇచ్చారు. చదువుతూ పోతే మధ్యలో ఒక పేజీలో వేరే శాఖ పేరు కనిపించింది. అక్కడి నుంచి కాపీ చేసుకుని పేర్లు మార్చారు, ఆ ఒక్కచోట మార్చడం మర్చిపోయారు. ఆ పుస్తకాన్ని బయట పెట్టి ఉంటే శత్రువుకు ఏమీ దొరికేది కాదు గానీ పరువు మాత్రం పోయేది. "భద్రతా కారణం" అంటే ఆ రోజు అదే.

చెబితే దొంగకు దారి చూపినట్టేనా

ఇది కొత్త వాదన కాదు. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే ఆయన ఫ్రాన్స్‌లో సైనిక రహస్య లిపుల మీద రాస్తూ ఒక సూత్రం చెప్పాడు: పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది రాకూడదు, తాళంచెవి ఒక్కటి మన దగ్గర ఉంటే చాలు. ఈ రోజు మీరు బ్యాంకు యాప్ తెరిచినప్పుడు పనిచేసే ఎన్‌క్రిప్షన్ అంతా ఆ దారిలో వచ్చిందే. ఆ లెక్కల పద్ధతులు పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి, ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు, అయినా పగలగొట్టలేకపోతున్నారు. ఎలా కాపాడుతున్నామో చెప్తే కూలిపోతుందని ఎవరైనా అంటున్నారంటే, వాళ్ల దగ్గర ఉన్నది తాళం కాదు, గుమ్మానికి కట్టిన పరదా అని అర్థం.

ఇక మీరు ఎత్తిన సామెత సంగతి. లంక గుట్టు చెప్పింది ఎవరు? విభీషణుడు, లోపలివాడు. నా అనుభవంలో పౌరుల వివరాలకు పెద్ద బెడద ఎక్కడో కూర్చున్న హ్యాకర్ కన్నా, లాగిన్ చేతిలో ఉన్న మామూలు ఉద్యోగి వల్లే ఎక్కువ. డబ్బు కోసం అమ్మేవాళ్లు ఉంటారు, అది వేరే. ఎక్కువగా కనిపించేది కుతూహలం: పక్కింటి వాళ్ల జీతం ఎంత, పెళ్లి సంబంధం వచ్చిన వాళ్లకు కేసులేమైనా ఉన్నాయా, మాజీ భార్య ఇప్పుడు ఏ అడ్రసులో ఉంది. కంచే చేను మేస్తే గోడ ఎంత ఎత్తు కడితే మాత్రం ఏం లాభం? అందుకే ఎవరైనా నన్ను "ఒక్కటే అడగాలంటే ఏమడగాలి" అంటే నేను చెప్పేది ఎప్పుడూ ఇదే:

నా రికార్డును లోపల ఎవరు, ఎప్పుడు తెరిచారో చూపించగలరా?

మా భాషలో దీన్ని లాగ్ అంటాం. ఎవరి లాగిన్‌తో, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ రికార్డు తెరుచుకుందో రాసిపెట్టే పద్దు. ఇది ఎందుకంత ముఖ్యమో ఒక కేసు చెప్తే తెలుస్తుంది. ఫిన్లాండ్‌లో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక నర్సు పనిచేసేది. ఆమెకు హెచ్‌ఐవీ, చికిత్స కూడా అదే ఆస్పత్రిలో వేరే విభాగంలో తీసుకునేది. 1992 మొదట్లో తోటి ఉద్యోగులకు సంగతి తెలిసిపోయిందని ఆమెకు అనుమానం వచ్చింది. అప్పట్లో అక్కడి సిబ్బంది రోగుల రికార్డులను ఇట్టే తీసి చూడగలిగేవారు. నా ఫైలు ఎవరు చూశారో చెప్పండి అని అడిగితే వచ్చిన జవాబు ఏమిటంటే, సిస్టమ్ చివరి అయిదు సార్లు మాత్రమే గుర్తుంచుకుంటుంది, అదీ ఏ విభాగం చూసిందన్నదే గాని ఏ మనిషి అన్నది ఉండదు, ఫైలు తిరిగి ఆర్కైవ్‌లోకి వెళ్లాక అది కూడా చెరిగిపోతుంది. ఫలానా వాళ్లు చూశారని నిరూపించలేక ఆమె తన దేశంలోని కోర్టుల్లో ఓడిపోయింది. చివరికి 2008 జులైలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఎవరు చూశారన్నది అసలు ప్రశ్న కాదని, ఎవరు చూశారో తేల్చలేని విధంగా రికార్డులు నడపడమే తప్పని, నష్టం జరిగాక పరిహారం ఇస్తాం అంటే చాలదని, ముందే అడ్డుకట్ట ఉండాలని ఆ తీర్పు సారాంశం. నా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలందరికీ మొదటిరోజు చెప్పే కేసు ఇదే.

దీన్ని పౌరుడి చేతికే ఇచ్చేసిన దేశం ఎస్టోనియా. 2001 నుంచి అక్కడి శాఖల డేటాబేసులన్నీ ఎక్స్-రోడ్ అనే మార్గం ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాని మీద కట్టిన డేటా ట్రాకర్‌లో మీరు లాగిన్ అయితే మీ వివరాలను ఏ సంస్థ ఎప్పుడు తీసిందో కనిపిస్తుంది. అన్ని డేటాబేసులూ అందులో లేవు, పోలీసు దర్యాప్తులాంటివి కనిపించవు, అది వాళ్లే చెప్తారు. అయినా ఉద్యోగి మనసులో ఒక భయం ఉంటుంది చూశారా, "నేను చూస్తే ఆ మనిషికి తెలిసిపోతుంది" అని, అది ఏ ఫైర్‌వాల్ కన్నా బాగా పనిచేస్తుంది.

నేను చూసిన ఒక సంగతి. ఒక కార్యాలయంలో లాగ్ బ్రహ్మాండంగా రాసుకుంటోంది, నాలుగేళ్లుగా. దాన్ని తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. నేను ఊరికే వడపోస్తే, ఒక లాగిన్ నుంచి ఒకే మహిళ చిరునామాను కొన్ని నెలల్లో పద్నాలుగు సార్లు తీశారని తేలింది. ఆ లాగిన్ ఎవరిది అని అడిగితే గదిలో ఉన్న ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడుగురికీ ఒకటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కీబోర్డ్ కింద అంటించి ఉంది. కాబట్టి ఎవరైనా "లాగ్ ఉందండీ" అంటే అక్కడితో తృప్తి పడకండి. ఎవరి లాగిన్ వాళ్లకు విడిగా ఉందా, లాగ్ ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు, చివరిసారి ఎప్పుడు చూశారు, ఈ నాలుగూ కలిపి అడగండి.

భారత్‌లో దీనికి దగ్గరగా ఉన్నది ఆధార్ వాడకపు చరిత్ర. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ ధ్రువీకరణకు వాడారో చూసుకోవచ్చు, ఒకసారికి యాభై ఎంట్రీల దాకా వస్తాయి. మంచిదే. ఒక్క విషయం గుర్తుంచుకోండి, అది వేలిముద్రో ఓటీపీయో ఇచ్చినప్పటి చరిత్ర. ఆ తర్వాత ఆ శాఖ లోపల మీ రికార్డును ఎవరు తెరిచారన్నది అందులో రాదు. మరో నియమం కూడా ఉంది: కేంద్రంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ అనే సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు కూడా తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన ఏదైనా జరిగితే ఆరు గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. చూడండి, "వాళ్లకు". పౌరుడికి చెప్పమని ఆ ఆదేశంలో లేదు. నా బాధంతా అక్కడే.

"సురక్షితం" అనే మాటను ఎలా చదవాలి

గోప్యతా ప్రకటనల్లో ఒక అలవాటు ఉంటుంది. "అత్యాధునిక సాంకేతికత", "పటిష్ఠమైన చర్యలు", "అంతర్జాతీయ ప్రమాణాలు". ఇవి చదివాక మీకు కొత్తగా ఏం తెలిసింది? వాక్యంలో ఒక అంకెగానీ, తేదీగానీ, ఒక పదవి పేరుగానీ లేకపోతే నేను దాన్ని ఖాళీ కిందే లెక్కేస్తాను. "మీ వైద్య వివరాలు దరఖాస్తు తేలిన తర్వాత రెండేళ్లకు చెరిపేస్తాం, అప్పటిదాకా పరిశీలనాధికారి, ఆయన పై అధికారి మాత్రమే చూడగలరు" అని రాస్తే, అది భద్రతకు సంబంధించిన వాక్యం. రేపు తప్పితే నిలదీయడానికి పట్టు దొరుకుతుంది. అందుకే రాయరు అనుకోండి.

మాటల గారడీకి మంచి ఉదాహరణ బ్రిటన్‌లో 2007లో జరిగింది. పన్నుల శాఖ నుంచి ఆడిట్ కార్యాలయానికి రెండు సీడీలు పంపారు, అవి దారిలో మాయమయ్యాయి. పిల్లల భత్యం తీసుకునే కుటుంబాలన్నిటి వివరాలు, మొత్తం రెండున్నర కోట్ల మంది పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, బ్యాంకు ఖాతాలు అందులో ఉన్నాయి. నవంబరు 20న ఆర్థిక మంత్రి పార్లమెంటులో లేచి చెప్పాల్సి వచ్చింది, ఆ శాఖ అధిపతి రాజీనామా చేశాడు. సీడీలకు పాస్‌వర్డ్ ఉంది అన్నారు. ఎన్‌క్రిప్షన్ లేదు. పాస్‌వర్డ్ ఉండటానికీ ఎన్‌క్రిప్ట్ చేయడానికీ తేడా ఏమిటంటే, మొదటిది గది తలుపుకు గొళ్లెం, రెండోది లోపలి కాగితాన్ని మరెవరికీ అర్థం కాకుండా చేయడం. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఇంకోటి: బ్యాంకు ఖాతాల్లాంటివి తీసేసి పంపమని ఆడిట్ వాళ్లే ముందు అడిగారు, అలా విడదీయడానికి అదనపు ఖర్చవుతుందని ఉన్నదున్నట్టు పంపేశారు. "మాకు అక్కర్లేని వివరాలు మేం పంపం, పంపించుకోం" అనే ఒక్క నియమం ముందే జనం ముందు రాసిపెట్టి ఉంటే, ఆ రోజు ఆ ఉద్యోగి చెయ్యి ఆగేదని నేను అనుకుంటాను. రాసి బయట పెట్టడం వల్ల మొదటి లాభం లోపలి వాళ్లకే.

ఈ ఆలోచన చాలా పాతది కూడా. అమెరికాలో 1973లో ఒక ప్రభుత్వ సలహా కమిటీ, కంప్యూటర్లలో జనం రికార్డుల గురించి చెప్తూ, అసలు ఉనికే రహస్యంగా ఉండే రికార్డు వ్యవస్థ ఏదీ ఉండకూడదని మొదటి సూత్రంగా పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన ప్రైవసీ చట్టం ప్రకారం అక్కడి కేంద్ర శాఖలు ఏ రికార్డుల వ్యవస్థ నడిపినా దాని వివరాలు గెజిట్‌లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించాలి. 2002 తర్వాత కొత్త సిస్టమ్ కట్టే ముందు గోప్యతకు ఏం ముప్పో అంచనా రాయడం కూడా వచ్చింది. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది, ప్రభుత్వ శాఖలకు కూడా అది వర్తిస్తుంది. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో, ఎవరికిస్తారో, ఎన్నాళ్లో అడక్కముందే చెప్పాలి.

చట్టం ఉంటే లీకులు ఆగుతాయా అంటే ఆగవు. అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి 2 కోట్ల 15 లక్షల మంది నేపథ్య విచారణ రికార్డులు పోయాయని 2015లో బయటపడింది, 56 లక్షల మంది వేలిముద్రలతో సహా. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం కదా. అయితే ఒకటి గమనించండి, ఆ కార్యాలయపు భద్రత బాగాలేదని దాని సొంత తనిఖీ అధికారి (అక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్ అంటారు) అంతకు ముందు ఏళ్ల తరబడి నివేదికల్లో రాస్తూనే ఉన్నాడు, ఆ నివేదికలు బహిరంగంగానే ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. పారదర్శకత దానంతట అదే ఎవరినీ కాపాడదు, చదివి గొడవ చేసేవాళ్లు ఉండాలి. మీలాంటి వాళ్లు మెయిల్ పెట్టడం చిన్న పని కాదని నేననేది అందుకే.

లీకైతే ఎప్పుడు చెప్పాలి

వెంటనే. దీనికి నిజమైన మినహాయింపులు చాలా కొన్ని. కన్నం పూడ్చడానికి నాలుగు రోజులు ఆగడం అర్థం చేసుకోగలను. జీడీపీఆర్ అయితే నియంత్రణ సంస్థకు 72 గంటల్లో, ముప్పు పెద్దదైతే బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పమంటుంది.

రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా చేసిన పని చూడండి. 2017 ఆగస్టు చివర్లో ఎస్టోనియా గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం ఉందని పరిశోధకులు ఆ ప్రభుత్వానికి చెప్పారు. దాదాపు ఏడున్నర లక్షల కార్డులు, దేశ జనాభాయే పదమూడు లక్షలు. అప్పటికి ఎవరూ దాన్ని వాడుకున్న దాఖలా లేదు, పైగా ఆన్‌లైన్ ఓటింగ్ ఉన్న స్థానిక ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి. నోరు మూసుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. సెప్టెంబరు మొదటివారంలోనే ప్రధాని స్థాయిలో ప్రెస్ ముందుకొచ్చి చెప్పేశారు, నవంబరులో ఆ కార్డుల్లోని పాత డిజిటల్ సర్టిఫికెట్లు ఆపేసి కొత్తవి ఇచ్చారు. వ్యవస్థ కూలిపోలేదు, జనం గుర్తింపు కార్డులను ఇప్పటికీ వాడుతున్నారు.

రెండోది బ్రిటన్. 2022 ఫిబ్రవరిలో రక్షణ శాఖలో ఒకరు, ఆశ్రయం కోరిన అఫ్గాన్ల వివరాలున్న స్ప్రెడ్‌షీట్‌ను పొరపాటున బయటికి పంపారు. పద్దెనిమిది వేల పైచిలుకు దరఖాస్తుదారులు. 2023 ఆగస్టులో అందులో కొంత ఫేస్‌బుక్‌లో కనిపించేదాకా శాఖకే తెలియదు. అప్పుడు కోర్టుకెళ్లి, ఆ లీకు గురించే కాదు, అలాంటి ఉత్తర్వు ఉందన్న సంగతి కూడా ఎవరూ ప్రస్తావించకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. అది 2025 జులై దాకా నడిచింది. ఇందులో వాళ్ల వాదనను నేను తీసిపారేయను, జాబితా తాలిబన్ చేతికి వెళ్తుందన్న భయం ఉత్తుత్తి భయం కాదు, ప్రాణాలతో పని. మొదటి కొన్ని వారాలు మౌనం సరైనదే అయ్యుండొచ్చు. కానీ దాదాపు రెండేళ్లు? ఎవరి పేరు ఆ షీట్‌లో ఉందో వాళ్లకే తెలియకపోతే, చోటు మారాలో, ఫోన్ మార్చాలో వాళ్లెలా నిర్ణయించుకుంటారు?

పారదర్శకత పేరుతో మనుషుల్ని బయట పెట్టొద్దు

ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు మంచి ఉద్దేశంతో జరుగుతుంది. 2023 ఆగస్టులో నార్తర్న్ ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా ఎక్సెల్ షీట్ పంపింది. అడిగింది ఏ ర్యాంకులో ఎంతమంది అనే లెక్క. ఆ ఫైల్లో కనిపించకుండా ఇంకో షీట్ ఉండిపోయింది, అందులో సిబ్బంది మొత్తం, తొమ్మిది వేల నాలుగు వందల మందికి పైగా, ఇంటిపేరు, ఎక్కడ పనిచేస్తారు అన్న వివరాలతో. అక్కడ పోలీసు అని తెలిస్తే కారు కింద బాంబు పెట్టిన చరిత్ర ఉంది. నేను చూసిన చోట కూడా, పథకం సొమ్ము ఎవరికి వెళ్లిందో జనానికి తెలియాలని లబ్ధిదారుల జాబితా వెబ్‌సైట్‌లో పెట్టారు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు, వైకల్యం శాతంతో సహా. "మీరే కదా పారదర్శకత అన్నారు" అని నన్నే అడిగారు. పారదర్శకత అంటే ఆఫీసు అద్దాల గదిలో కూర్చోవడం. పౌరుణ్ణి కూర్చోబెట్టడం కాదు.

దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది: గోప్యతను అడ్డం పెట్టుకుని ఆఫీసు తన పనినే దాచుకోవడం. భారత్‌లో ఇప్పుడు ఈ చర్చే నడుస్తోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. లీకైతే ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డుకే కాదు, బాధితులకు కూడా చెప్పాలని అందులో ఉంది, చాలా మంచి మాట, కాకపోతే ఆ భాగం అమలుకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. దేశ భద్రతలాంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారం కూడా పదిహేడో సెక్షన్‌లో కేంద్రానికే ఉంది. ఇంకో సంగతి, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను ఈ చట్టం మార్చేసింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారం అన్నంత మాత్రాన ఇవ్వకుండా ఉండే వీల్లేదు, ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా, విస్తృత ప్రజాప్రయోజనం ఉందా అని చూడాలి. ఇప్పుడు ఆ క్లాజులో "వ్యక్తిగత సమాచారం" అన్న మాట ఒక్కటే మిగిలింది. 8(2) కింద ప్రజాప్రయోజనం వాదన ఇంకా చేయొచ్చు, నిజమే, కానీ అధికారికి "కాదు" అనడం ఇదివరకటి కన్నా తేలికైంది.

సాఫ్ట్‌వేర్ మనుషుల్ని జల్లెడ పట్టే విషయం గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క ముక్క. నెదర్లాండ్స్‌లో సంక్షేమ మోసాలు పసిగట్టే సిరి అనే వ్యవస్థ (ఫోన్లో ఉండే సిరి కాదు) ఏ లెక్కతో మనుషుల్ని అనుమానిస్తుందో చెప్పమంటే, చెబితే జనం తప్పించుకునేలా మెలుగుతారని ప్రభుత్వం అంది. 2020 ఫిబ్రవరిలో హేగ్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, సరిచూసుకునే వీలు లేనంత అపారదర్శకంగా ఉందని ఆ చట్టాన్నే పక్కన పెట్టింది. మీకొచ్చిన మెయిల్‌లోని వాక్యానికి అన్నలాంటిది ఆ వాదన.

సరే, ఇప్పుడు ఏం చేయాలి

"ఎలా కాపాడుతున్నారు" అని అడక్కండి. ఆ ప్రశ్నకు "పటిష్ఠంగా" అనే జవాబొస్తుంది. కాగితం మీద ఉండే వస్తువును అడగండి. నేనైతే ఇలా రాస్తాను: మీ సిస్టమ్‌కు చివరి భద్రతా ఆడిట్ ఏ తేదీన జరిగింది, చేసిన సంస్థ పేరేమిటి, తీవ్రమైనవిగా తేలిన లోపాలు ఎన్ని, నేటికి సరిచేసినవి ఎన్ని (లోపం ఏమిటో నాకు అక్కర్లేదు, అంకెలు చాలు), దరఖాస్తుదారుల వైద్య వివరాలు చూడగల లాగిన్‌లు మొత్తం ఎన్ని, అందులో కాంట్రాక్టు సిబ్బందివి ఎన్ని, డేటాను ఎన్నాళ్లకు చెరిపేయాలని చెప్పే ఉత్తర్వు ప్రతి, గత మూడేళ్లలో నమోదైన డేటా ఉల్లంఘనల సంఖ్య. చివరగా, నా దరఖాస్తును తెరిచిన లాగ్.

మీరు భారత్‌లో ఉంటే దీన్ని సమాచార హక్కు దరఖాస్తుగా పెట్టండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "భద్రత" అని మొత్తం తిరస్కరిస్తే రెండు సెక్షన్లు గుర్తుంచుకోండి. పదో సెక్షన్ ప్రకారం దాచాల్సిన భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. 19(5) ప్రకారం నిరాకరణ సరైనదేనని నిరూపించాల్సింది అధికారి, మీరు కాదు. మొదటి అప్పీల్‌లో ఈ రెండూ రాస్తే చాలాసార్లు సగం వివరాలైనా కదులుతాయి, నేను బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజుల్లో మేమే కదిలించాం. యూరప్‌లో ఉంటే మీ సొంత వివరాల మేరకు జీడీపీఆర్ పదిహేనో అధికరణం పేరు చెప్పి అడగండి, నెల గడువు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, లాగ్ దగ్గర మీకు ఎదురుదెబ్బ తగలొచ్చు. ఉద్యోగుల పేర్లు వ్యక్తిగత సమాచారం అంటారు. ఆ మాటలో కొంత న్యాయముంది కూడా, కింది స్థాయి గుమస్తా పేరు బయటపడి జనం అతని మీద పడటం ఎవరికీ మంచిది కాదు. అక్కడ పట్టుబట్టకుండా, పేరు తీసేసి హోదా, తేదీ, సమయం, కారణం ఇవ్వమనండి. మీ దరఖాస్తు జనవరిలో తేలిపోయి, మే నెలలో ఎవరో దాన్ని మూడుసార్లు తెరిచినట్టు కనిపిస్తే పేరు లేకపోయినా ఫిర్యాదుకు అది చాలు.

జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. పెట్టే ముందు మీ పేరు, చిరునామా, దరఖాస్తు నంబరు తీసేయండి. ఫోటో మీద పెన్‌తో గీసి పెడితే కొన్నిసార్లు కింద అక్షరాలు కనిపిస్తాయి, కత్తిరించి పెట్టండి.